మ్యూనిక్, లియోన్, ప్రాగ్, టాంపెరె: ఒక్క సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కి ఏ ఊరు?

ఎక్స్ఛేంజ్ (ఇక్కడి డిగ్రీలో ఒక సెమిస్టర్ విదేశీ యూనివర్సిటీలో చదివి రావడం) అనగానే బీటెక్ పిల్లలు ముందు ఊరు ఎంచుకుంటారు, ఆ తర్వాత ఏ సెమిస్టర్‌లో వెళ్లాలో చూస్తారు. చాలామందికి లెక్క అక్కడే తప్పుతుంది. త్రీ-టూలో (అంటే మూడో ఏడు రెండో సెమిస్టర్) వెళ్తారా, ఫోర్-వన్‌లోనా, ఫోర్-టూలోనా అన్నది ముందు తేలితే జర్మనీలోని మ్యూనిక్, ఫ్రాన్స్‌లోని లియోన్, చెక్ దేశంలోని ప్రాగ్, ఫిన్లాండ్‌లోని టాంపెరె, ఈ నాలుగు ఊళ్లలో రెండు వాటంతటవే పక్కకు పోతాయి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకుని, ఆ వరసలోనే చూద్దాం.

అంతకన్నా ముందు కాలేజీలో తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. బ్రోషర్‌లో "యాభై విదేశీ యూనివర్సిటీలతో ఎంఓయూ" అని ఉన్నంత మాత్రాన ఎక్స్ఛేంజ్ సీటు ఉన్నట్టు కాదు. ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామని చేసుకున్న మాట, అంతే. మీకు కావాల్సింది విద్యార్థుల మార్పిడి ఒప్పందం. ఏ బ్రాంచికి, ఏడాదికి ఎన్ని సీట్లు, ఎప్పటివరకు అమల్లో ఉంటుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫీసుకి వెళ్లి ఆ కాగితమే చూపించమనండి. ఒప్పందం ఉంటే ఫీజు మీ కాలేజీకే కడతారు, అక్కడి యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు అడగదు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ సెమిస్టర్ నుంచి యూరప్ బయటి విద్యార్థులకు డిగ్రీ ఫీజు పెట్టింది, కానీ ఎక్స్ఛేంజ్ మీద వచ్చేవాళ్లకు అది వర్తించదు. "సెమిస్టర్ అబ్రాడ్ ప్యాకేజీ" అంటూ ట్యూషన్‌తో కలిపి లక్షలు అడిగితే, అది ఎక్స్ఛేంజ్ పేరుతో అమ్ముతున్న వేరే సరుకు.

మన క్యాలెండర్, వాళ్ల క్యాలెండర్

మన బేసి సెమిస్టర్ జూన్, జులైలో మొదలై నవంబర్, డిసెంబర్‌లో ముగుస్తుంది. సరి సెమిస్టర్ డిసెంబర్, జనవరి నుంచి ఏప్రిల్, మే దాకా నడుస్తుంది. యూరప్‌లో దేశానికో పద్ధతి.

జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు. క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మొదటి వారాల్లో అయిపోతాయి, పరీక్షలు ఆ తర్వాత. అంటే అక్టోబర్‌లో బయలుదేరితే త్రీ-వన్ ఫైనల్ పరీక్షలు పోతాయి, మార్చిలో తిరిగొచ్చేసరికి త్రీ-టూ సగం గడిచిపోతుంది. వాళ్ల ఒక్క సెమిస్టర్ మనవి రెండు మింగేస్తుంది. సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. క్లాసులు జులై దాకా, కొన్ని పరీక్షలు ఆగస్టులో. అప్పటికి ఇక్కడ ఫోర్-వన్ మొదలై, ప్లేస్‌మెంట్ కంపెనీలు రావడం కూడా మొదలై ఉంటుంది.

ఫిన్లాండ్‌లో ఈ గొడవ లేదు. అక్కడి స్ప్రింగ్ సెమిస్టర్ జనవరి మొదట్లో మొదలై మే నెలలో ముగుస్తుంది, మన త్రీ-టూకి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. లియోన్‌లో రెండో సెమిస్టర్ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మొదలై మే, జూన్ దాకా ఉంటుంది, ఫరవాలేదు. ప్రాగ్‌లో క్లాసులు ఫిబ్రవరి రెండో సగంలో మొదలై మే నెలలో అయిపోతాయి, కానీ పరీక్షల కాలం జూన్ చివరిదాకా సాగుతుంది. అక్కడ ఒక వెసులుబాటు ఉంది: ఒక్కో సబ్జెక్టుకి పరీక్ష తేదీలు రెండు మూడు ఇస్తారు. ముందు తేదీలకు పేరు నమోదు చేసుకుంటే జూన్ మధ్యకే బయటపడొచ్చు. ఆలస్యంగా చూసుకుంటే ఆ తేదీలు నిండిపోయి చివరివే మిగులుతాయి.

ఫోర్-వన్‌లో వెళ్లడం గురించి నిష్కర్షగా చెప్పాలంటే, క్యాంపస్ ప్లేస్‌మెంట్ మీద ఆశ ఉన్నవాళ్లు ఆ సెమిస్టర్ జోలికి పోకూడదు. ఆన్‌లైన్ టెస్టులు ఎక్కడినుంచైనా రాయొచ్చు గానీ, కొన్ని కంపెనీలు చివరి రౌండుకి ఎదురుగా కూర్చోమంటాయి.

ఫోర్-టూ సంగతి వేరు. చాలా కాలేజీల్లో అప్పుడు ప్రాజెక్టే ప్రధానం. ప్రాజెక్టుకి క్లాసుల తేదీలతో పనిలేదు. ల్యాబ్‌లో ప్రొఫెసర్ ఒప్పుకుంటే జనవరిలో వెళ్లి జూన్‌లో రావొచ్చు. జర్మనీ నిజంగా పనికొచ్చేది ఇలాంటివాళ్లకే. కాకపోతే ప్రొఫెసర్‌ని మీరే వెతుక్కోవాలి. ముందు ఏడాది జూన్, జులై నుంచే, వాళ్ల ల్యాబ్ పరిశోధన పేపర్ ఒకటైనా చదివి, దాని గురించి రెండు వాక్యాలు రాసి మెయిల్ పెట్టాలి. వందమందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు.

క్రెడిట్లు, మార్కులు

యూరప్‌లో క్రెడిట్లను ఈసీటీఎస్‌లో లెక్కిస్తారు. ఏడాదికి 60, సెమిస్టర్‌కి 30. ఒక ఈసీటీఎస్ అంటే క్లాసు, హోంవర్క్, పరీక్ష ప్రిపరేషన్ అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. మన దగ్గర సెమిస్టర్ 20 క్రెడిట్ల చుట్టూ ఉంటుంది కాబట్టి 3 ఈసీటీఎస్ మన 2 క్రెడిట్లకు సమానం అన్న లెక్క తేలుతుంది. అయితే ఈ నిష్పత్తిని మీ కాలేజీ కాగితం మీద రాసివ్వాలి. అటానమస్, డీమ్డ్ కాలేజీలకు ఇది సులువు, వాళ్ల అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకుంటే చాలు. జేఎన్‌టీయూ కాకినాడ కింద అటానమస్ కాకుండా ఉన్న కాలేజీ అయితే యూనివర్సిటీ అనుమతి దాకా వెళ్లాలి. దానికి మూడు నాలుగు నెలలు పెట్టుకోండి.

వెళ్లేముందు లెర్నింగ్ అగ్రిమెంట్ మీద మూడు సంతకాలు పడాలి: మీది, మీ కాలేజీది, అక్కడి యూనివర్సిటీది. అక్కడి ఏ కోర్సు ఇక్కడి ఏ సబ్జెక్టుకి బదులో వరసగా రాసి ఉండాలి. చాలామంది అక్కడికెళ్లాక కోర్సు మారుస్తారు, ఎందుకంటే రెండు క్లాసులు ఒకే టైములో పడతాయి, లేదా ఇంగ్లిష్‌లో చెబుతామన్న కోర్సు ఆ ఏడు ఉండదు. మార్చడం తప్పేమీ కాదు. మార్చిన అగ్రిమెంట్ మీద మళ్లీ మూడు సంతకాలు తీసుకోకపోవడమే తప్పు. తిరిగొచ్చాక "ఈ సబ్జెక్టు మా లిస్టులో లేదు" అంటారు, అది బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది.

మార్కుల మార్పిడి ఇంకో గండం. జర్మనీలో 1.0 అంటే అందరికన్నా పైన, 4.0 పాస్, 5.0 ఫెయిల్. ఫ్రాన్స్‌లో 20కి 10 వస్తే పాస్, 14 వస్తే మంచి మార్కు, 18 కనబడటమే అరుదు. ఫిన్లాండ్‌లో 1 నుంచి 5, అక్కడ 5 గొప్పది. ఫ్రాన్స్ నుంచి 13 తెచ్చుకున్నవాడికి ఇక్కడి ఎగ్జామ్ సెక్షన్ నేరుగా 65 శాతం వేస్తే సీజీపీఏ పడిపోతుంది, నిజానికి అది ఆ క్లాసులో పైవరస మార్కు. మార్పిడి పట్టిక ఉందా, లేక పాస్ అని మాత్రమే రాసి సీజీపీఏలో కలపకుండా వదిలేస్తారా అన్నది బయలుదేరకముందే అడగండి. ఛాయిస్ మీదైతే, ఫ్రాన్స్‌కి వెళ్లేవాళ్లకు రెండోదే మేలు.

భాష విషయంలో నాలుగు ఊళ్లూ ఒక్కలా లేవు. టాంపెరెలో ఇంగ్లిష్ కోర్సులు కావలసినన్ని. ప్రాగ్‌లో ఎక్స్ఛేంజ్ వాళ్ల కోసం విడిగా ఇంగ్లిష్ కోర్సుల జాబితా ఉంటుంది. మ్యూనిక్‌లో మాస్టర్స్ స్థాయివి ఎక్కువ, బ్యాచిలర్స్‌వి తక్కువ. లియోన్‌లో బ్యాచిలర్స్ స్థాయిలో ఫ్రెంచ్ రాకపోతే ఎంపిక బాగా కుంచించుకుపోతుంది. కోర్సుల జాబితాలో భాష అన్న గడి, సెమిస్టర్ అన్న గడి రెండూ చూడాలి.

గది దొరకడం

జర్మనీలో పనులన్నీ ఒక గొలుసు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అడ్రస్ నమోదు కాకపోతే బ్యాంకు పని, రెసిడెన్స్ పర్మిట్ పని చిక్కుల్లో పడతాయి. తాత్కాలికంగా హోటల్లోనో ఫ్రెండ్ గదిలోనో ఉండేవాళ్లకు ఆ కాగితం సాధారణంగా దొరకదు. పైగా గదులకు జర్మనీలోకెల్లా ఖరీదైన ఊరు మ్యూనిక్. స్టూడెంట్ హాస్టల్ వెయిటింగ్ లిస్టు ఒక సెమిస్టర్‌కి మించి సాగుతుంది, బయట గది 700, 800 యూరోలు అడుగుతారు. జర్మనీయే కావాలనుకుంటే డ్రెస్డెన్ లాంటి ఊరు చూసుకోండి, అద్దెలో తేడా చాలా ఉంటుంది. మనం అడ్వాన్స్ అనేదాన్ని అక్కడ మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని చట్టం.

టాంపెరెలో టోయాస్ అనే విద్యార్థి గృహ సంస్థ ఉంది. అంగీకార పత్రం రాగానే దరఖాస్తు పెడితే ఎక్స్ఛేంజ్ వాళ్లకు షేర్డ్ ఫ్లాట్‌లో గది దొరికే అవకాశం బాగుంటుంది. గదిలో మంచం ఉందా లేదా చూసుకోండి, ఫర్నిచర్ లేని గదులూ ఉంటాయి. ప్రాగ్‌లో యూనివర్సిటీ హాస్టళ్లు నాలుగు ఊళ్లలోకీ చవక, కానీ ఇద్దరికో గది, బాత్రూం పంచుకోవాలి. మన హాస్టళ్లలో ఉన్నవాళ్లకు అదేం కొత్త కాదు. అక్కడ దిగిన మూడు పనిదినాల్లో ఫారిన్ పోలీస్ దగ్గర నమోదు కావాలి. హాస్టల్ అయితే మామూలుగా వాళ్లే చేస్తారు, అయినా చేశారో లేదో రిసెప్షన్‌లో అడగండి.

లియోన్‌లో ఓనర్లు జామీను అడుగుతారు, అదీ ఫ్రాన్స్‌లో ఆదాయం ఉన్నవాళ్లది. 30 ఏళ్లలోపు వాళ్లకు విజాల్ అనే ప్రభుత్వ హామీ ఉచితంగా దొరుకుతుంది, గది ఖాయం కాకముందే దానికి దరఖాస్తు పెట్టాలి. కాఫ్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే అద్దె సాయం గురించి సీనియర్లు ఊరిస్తారు. అది వచ్చినా దిగిన నెలకు రాదు, ఆ తర్వాతి నెల నుంచే లెక్క, చేతికి అందేసరికి ఇంకా ఆలస్యం. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు.

ఏ ఊరైనా సరే, "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అనేవాడు మోసగాడే.

డబ్బు

యూరోను 100 రూపాయలుగా పెట్టుకుని లెక్కేద్దాం. వీసాకి చూపించాల్సింది జర్మనీకి నెలకు 992 యూరోలు, ఆరు నెలలకు 5,952, అంటే సుమారు 6 లక్షలు. ఇది బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తే నెలనెలా విడుదలవుతుంది. ఫిన్లాండ్‌కి నెలకు 800, ఐదు నెలలకు 4 లక్షలు. 2024 నవంబర్ ముందు అది 560 మాత్రమే, పాత వీడియోలు చూసి మోసపోవద్దు. ఫ్రాన్స్‌కి నెలకు 615, ఐదు నెలలకు 3 లక్షల పైచిలుకు. ఇవి చూపించాల్సిన కనీస మొత్తాలే. లియోన్‌లో 615తో నెల గడవదు, హాస్టల్ దొరికినా 800 పెట్టుకోండి.

పైకి కనబడని ఖర్చులు కొన్ని. జర్మనీలో విద్యార్థి ఆరోగ్య బీమా నెలకు 140 యూరోల చుట్టూ ఉంటుంది. ఇంటికి నెలకు 18.36 యూరోల రేడియో-టీవీ రుసుము కూడా ఉంది. టీవీ లేకపోయినా ఆ ఉత్తరం వస్తుంది, చెత్తబుట్టలో వేస్తే జరిమానాతో మళ్లీ వస్తుంది. ఫిన్లాండ్‌లో పర్మిట్ ఫీజే కొన్ని వందల యూరోలు. రెండేళ్లలోపు చదువుకి వెళ్లేవాళ్ల బీమా 1,20,000 యూరోల వైద్య ఖర్చు భరించాలి, ఇక్కడ చవగ్గా దొరికే ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి అంత కవర్ ఉండదు. ఫ్రాన్స్ ఈ విషయంలో ఉదారం: అక్కడి సామాజిక భద్రతలో విద్యార్థులు ఉచితంగా చేరొచ్చు. ఒక్కటి మాత్రం మరచిపోకూడదు. దిగిన మూడు నెలల్లోపు వీసాను ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చేయాలి. చేయకపోతే అక్కడ ఉండటమే చట్టవిరుద్ధం అవుతుంది.

యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ పథకం కింద మీ కాలేజీకి, అక్కడి యూనివర్సిటీకి మధ్య ప్రాజెక్టు ఉంటే దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు వస్తాయి, ప్రయాణానికి దూరాన్ని బట్టి విడిగా ఇస్తారు. అలాంటి సీటు ప్రాగ్‌కి దొరికితే మిగతా పోలికలన్నీ పక్కన పెట్టి ఒప్పేసుకోవచ్చు, ఆ డబ్బుతో అక్కడ ఇబ్బంది లేకుండా బతకొచ్చు. ఇది ఎరాస్మస్ ముండస్ కాదు. అది మాస్టర్స్ డిగ్రీ స్కాలర్‌షిప్. పేర్లు కలిసి చాలామంది పొరబడతారు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌తో గుంటూరు, పల్నాడు రైతు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మిర్చి అమ్మాక డబ్బంతా ఒకేసారి వస్తుంది. ఖాతాలో పది నెలలు ఖాళీ, ఫిబ్రవరిలో ఒక్కసారిగా ఆరు లక్షలు. వీసా అధికారికి అది అప్పు తెచ్చి చూపించిన డబ్బులా కనబడుతుంది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీలు (సరుకు అమ్మిన చీటీలు), పట్టాదారు పాసుపుస్తకం, ఎమ్మార్వో ఆఫీసు ఆదాయ ధ్రువపత్రం, వీటికి ఇంగ్లిష్ అనువాదం, ఒక పేజీ వివరణ జతచేస్తే ఆ అనుమానం తీరుతుంది. తక్‌పట్టీలు తెలుగులో చేతిరాతతో ఉంటాయి కాబట్టి అనువాదం తప్పదు.

కాగితాల్లో పేరు

మన సర్టిఫికెట్ల పెద్ద సమస్య ఇంటిపేరు. కొందరి టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. ఆన్‌లైన్ ఫారంలో సర్‌నేమ్ తప్పనిసరి కాబట్టి అక్కడ ఏదో ఒకటి కొడతారు, అంగీకార పత్రం ఆ పేరుతోనే వస్తుంది, వీసా కౌంటర్లో పాస్‌పోర్టుతో సరిపోదు. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే దరఖాస్తులన్నిటికన్నా ముందు పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోండి. ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, స్పెల్లింగ్‌తో సహా కొట్టండి. టెన్త్ మెమోకి తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ పెట్టుకోండి.

టాంపెరెకి జనవరిలో వెళ్లాలంటే జులైలో నిర్ణయం జరిగిపోవాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లో కాలేజీ మీ పేరు పంపాలి, అంగీకార పత్రం నవంబర్‌కి వస్తుంది, పర్మిట్‌కి ఆ తర్వాత దొరికేది ఆరేడు వారాలే. క్రిస్మస్ సెలవులు అందులోనే. అందుకే బీమా, డబ్బు, అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకుని, పత్రం అందిన రోజే దరఖాస్తు పెట్టాలి. జర్మనీ అయితే ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చేది) మీకు అవసరమా కాదా అని అక్కడి యూనివర్సిటీ నుంచి మెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. 2022 నవంబర్ నుంచి డిగ్రీ చదువుకి వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి.

ఎవరికి ఏది

త్రీ-టూలో వెళ్లే బీటెక్ విద్యార్థికి మా ఓటు టాంపెరెకే. చలి, చీకటి అని భయపెడతారు. డిసెంబర్ చివర్లో అక్కడ పగలు ఐదు గంటలకు కాస్త ఎక్కువ, నిజమే. కానీ జనవరిలో వెళ్లేవాళ్లకు రోజురోజుకీ వెలుతురు పెరుగుతుంది, మార్చి ఆఖరుకి మన పగటికన్నా ఎక్కువే ఉంటుంది. ఆగస్టులో వెళ్లేవాళ్లే చీకట్లోకి నడుస్తారు. బీసెంట్ రోడ్డులో కొన్న జాకెట్ మైనస్ 20కి ఆగదు. ఇక్కడ థర్మల్స్ మాత్రం కొని, జాకెట్, బూట్లు అక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లో తీసుకోండి.

ఫోర్-టూ ప్రాజెక్టుకి జర్మనీ, అదీ ప్రొఫెసర్ ఒప్పుకున్నాకే. ఆర్కిటెక్చర్ వాళ్లకు, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు ప్రాగ్. లియోన్, ఫ్రెంచ్ కనీసం బీ1 స్థాయి (సొంతంగా పని నెగ్గించుకునే మధ్యస్థ స్థాయి) దాకా నేర్చుకున్నవాళ్లకు. అది లేకుండా వెళ్తే కోర్సులు దొరక్క మొదటి రెండు వారాలు ఆఫీసుల చుట్టూ తిరగడమే అవుతుంది.

సామాన్ల దగ్గర అమ్మానాన్నలకు చెప్పాల్సినవి కొన్ని. యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు సామాన్లలో తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి కస్టమ్స్‌లో పోతాయి. రొయ్యల పచ్చడి చేపల కోవలోకి వస్తుంది, దానికి అడ్డు లేదు. ఆవకాయ, గోంగూర సరే. పచ్చి కరివేపాకు వద్దు, ఎండబెట్టి పట్టుకెళ్లండి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు, ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కర్ రెండు లీటర్లది చాలు. గుంటూరు మిర్చితో తాలింపు పెట్టేటప్పుడు మూత వేసి, మంట తగ్గించి, కిటికీ తెరవండి. పొగ పోతుందని వరండా వైపు తలుపు తీస్తే అక్కడి స్మోక్ అలారం మోగి బిల్డింగంతా కిందికి దిగుతుంది, ఫైరింజన్ ఖర్చు బిల్లు మీ పేరు మీదే వస్తుంది.